ఎరగనట్టు

బస్సు ఊరు దాటేదాకా ఆమె అతన్ని చూడలేదు, చూసిన దగ్గర్నుంచి మాత్రం ఇంక దేని మీదా కన్ను నిలవడం లేదు. డ్రైవరు నెత్తి మీదున్న వెడల్పాటి అద్దంలో సగం బస్సు కనబడుతుంది, ఆ సగంలో గళ్ళ చొక్కా వేసుకుని, మోకాలి మీద ఫోను పెట్టుకుని, వెనక వరసల్లో కూర్చుని అతను ఇటే చూస్తున్నాడు. ఇటు అంటే ఎటు, అదీ తేలడం లేదు. ఇటువైపు తను ఉంది, తనకి ముందు కొన్ని వరసల అవతల టైలరమ్మాయి ఉంది, టైలరమ్మాయి ఒళ్ళో ఆమె కూతురు పిచ్చుక ఉంది. ముగ్గురూ ఒకే దారానికి గుచ్చినట్టున్నారు, అతని చూపు ఎవరి దగ్గర ఆగుతోందో అద్దంలో ఎలా తెలుస్తుంది. బస్సెక్కినవాడు ముందుకి చూడక ఎటు చూస్తాడే పిచ్చిదానా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. చెప్పుకున్నదే తడవు, అతను తల దించి ఫోను చూశాడు, మళ్ళీ తలెత్తి ఇటే చూశాడు, ఫోనులో ఉన్నదాన్నీ బస్సులో ఉన్నదాన్నీ పోల్చుకుంటున్నవాడిలా. ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

ఎరగనట్టు ఉండటం అనే ఈ పద్ధతి ఎవరో నేర్పింది కాదు, ఆమె పెట్టిందే. మొగుళ్ళ దెబ్బలకి ఇల్లు వదిలొచ్చిన ఆడవాళ్ళు తలదాచుకునే ఆశ్రయం నుంచి ఎవరినైనా ఊరు దాటించాలంటే ఒకే బస్సు, కానీ వేరు వేరు స్టాపులు, వేరు వేరు సీట్లు. కళ్ళు కలవకూడదు, మాట కలవకూడదు, ఎవరి టిక్కెట్టు వాళ్ళదే. ఒకర్ని ఎవరైనా పోల్చుకున్నా రెండోవాళ్ళు మిగులుతారు. ఆశ్రయానికొచ్చిన ఒక నర్సు సంగతి తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇది. నర్సుని పంపిన రోజు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ధైర్యంగా ఉంటుందని చేతిలో చెయ్యి వేసుకుని మరీ కూర్చున్నారు, బస్సు ఆగేసరికి నర్సు మొగుడు కింద నిలబడి ఉన్నాడు. నర్సు బతకలేదు. ఆ చేతి బరువు ఇప్పటికీ ఈ అరచేతిలోంచి పోలేదు, అన్నం కలుపుతున్నప్పుడు కూడా ఒక్కోసారి తగులుతుంది. అందుకే ఈసారి టైలరమ్మాయిని డిపోలోనే ఎక్కించి, తను ఆసుపత్రి స్టాపులో ఎక్కింది. అంతా బాగానే ఉంది, కానీ ఇప్పుడు కేకేస్తే వినబడేంత దగ్గర్లో ఉన్న మనిషిని, వెనకున్నవాడు మీవాళ్ళలో ఎవరన్నానా అమ్మా అని ఒక్క మాట అడగడానికి లేదు. తనకి ఆ పిల్ల మొగుడి మనుషులెవరి మొహాలూ తెలియవు, తెలిసిన పిల్ల వెనక్కి తిరగకూడదు. అడిగితే గుట్టు పోతుంది, అడక్కపోతే ప్రాణం మీదికొస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అని పత్రికలో ఉన్నప్పుడు వార్తల్లో ఎన్నిసార్లు రాసిందో, కూర్చుని చూస్తే గానీ దాని లోతు తెలియలేదు.

టైలరమ్మాయి మొగుడికి ఇసుక లారీలున్నాయి. లారీలంటే డ్రైవర్లు, క్లీనర్లు, టీ బడ్డీల దగ్గర స్నేహితులు. ఏ రోడ్డు పట్టుకున్నా వాడి మనిషి ఒకడు తగులుతాడు. పోలీసు స్టేషనుకి వెళ్తే, ఇంటి గొడవ కదమ్మా, ఇంట్లోనే సర్దుకోండి అన్నారు, అంటూ గుమ్మం బయట ఆగి ఉన్న లారీ వైపు ఒకసారి చూశారు. రేపు పొద్దున వేరే ఊళ్ళో జడ్జి ముందు ఆ అమ్మాయి నోరు విప్పాలి. విప్పితే వాడు లోపలికి వెళ్తాడు, పిచ్చుక తల్లి దగ్గరే ఉంటుంది. ఈలోగా దొరికిపోతే విప్పడానికి నోరుండదు. ఆఖరి స్టాపులో లాయరు పసుపు గొడుగు వేసుకుని నిలబడుతుంది, ఏం జరిగినా సరే, నేను ఏమైపోయినా సరే, ఆ గొడుగు కనబడేదాకా సీట్లోంచి లేవకు అని ఆ అమ్మాయికి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. నేను ఏమైపోయినా అన్నప్పుడు టైలరమ్మాయి ఆమె మొహంలోకి చూసింది. మాట వరసకన్నాలేమ్మా అని నవ్వేసింది అప్పుడు.

తల్లి భుజం మీంచి పిచ్చుక వెనక్కి చూస్తోంది. వద్దమ్మా, వద్దు, ఇటు చూడకు. జుట్టు కత్తిరించి నిక్కరూ చొక్కా తొడిగేసరికి మొన్న అద్దం ముందు నిలబడి ఒకటే ఏడుపు, నిక్కరుకి రెండు జేబులున్నాయని చూపించాక ఏడుపు ఆపి జేబుల నిండా గులకరాళ్ళు పోసుకుంది. ఆశ్రయంలో పిల్లలందరికీ ఆమె ఆంటీ, పిచ్చుకకి మాత్రం టీవీ అత్త. బస్సులో ఎలా ఉండాలో ఆటలా నేర్పింది: టీవీ అత్త ఎవరు అంటే నాకు తెలీదు అనాలి, ఎప్పుడన్నా చూశావా అంటే నాకు తెలీదు అనాలి. అనేది, అంటూనే పక్కున నవ్వేది, పళ్ళూడిన నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని వచ్చి ఒళ్ళో దూరేది. ఎన్నిసార్లు ఆడినా నవ్వకుండా ఒక్కసారీ నెగ్గలేదు. నిన్న సాయంత్రం ఆమె కాస్త కసిరింది, నవ్వితే మీ అమ్మని తీసుకుపోతారే అంది, అన్నాక నాలుక కొరుక్కుంది. పిల్ల అప్పుడు నవ్వలేదు గానీ అదేం నేర్పడం, అదేం బతుకు. ఆమె చటుక్కున కిటికీ వైపు తిరిగింది. ఇటుక బట్టీలు, వెల్డింగు షాపు, గోడ మీద వెలిసిపోయిన సబ్బు ప్రకటన. ఇంకా చూస్తోందా? చూడకూడదు, ఎరగదు కదా, ఎరగనివాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారా.

కండక్టరు టిక్కెట్ల మిషను పట్టుకుని సీట్ల మధ్య ఒరుసుకుంటూ వచ్చాడు. ఆఖరి స్టాపు అంది ఆమె, తల ఎత్తకుండా. అతను టిక్కెట్టు చింపుతూ చింపుతూ ఆగిపోయాడు. మేడం, మీరు టీవీలో మాట్లాడతారు కదండీ అన్నాడు, ఆ అనడం నెమ్మదిగానా, ఇంజను మోతకి పోటీగా అన్నాడు. మీరొచ్చే టైముకి మా ఆవిడ పొయ్యి మీద గిన్నె మాడిపోయినా లేవదండీ, మొన్న ఆ మంత్రిగారిని కడిగి ఆరేశారు చూడండి, ఆ రోజైతే నాకు కూడా అన్నం పెట్టలేదు అని నవ్వాడు. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగాడు, పక్కావిడ కళ్ళజోడు సర్దుకుని పరీక్షగా చూసింది. ఆమె చిల్లర లెక్కపెడుతున్నట్టు తల ఇంకా దించుకుంది. టైలరమ్మాయికి తలగుడ్డ కట్టించింది, గాజులు తీయించింది, ఫోను కాలవలో పడేయించింది, పిల్ల జుట్టు కత్తిరించింది, చెప్పులు కూడా మార్పించింది, అన్నీ చేసి, వారం వారం ఇంటింటా టీవీలో కనబడే తన మొహాన్ని మాత్రం తీసుకొచ్చి నడిబస్సులో కూర్చోబెట్టింది. తను కూడా కనబడుతుందన్న ఊహే తట్టలేదు. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

ఇదంతా కామా గారి పెంపకం. పత్రికలో వార్తలు దిద్దే డెస్కుకి పెద్ద ఆయన, ఒక కామా కోసం మొత్తం ఎడిషన్ని ఆపేవాడని ఆ పేరు. ఆమె రాసిన వార్తల్లో నేను అన్న మాట ఎక్కడ కనబడ్డా ఎర్ర పెన్నుతో కొట్టేసేవాడు. నువ్వెవరమ్మా ఇక్కడ, వార్తలో నీకేం పని, మనం గోడ గడియారాలం, అందరూ మనలో టైము చూస్తారు గానీ మనల్ని ఎవరూ చూడరు అనేవాడు. ఆ మాట ఎంత ఒంటబట్టిందంటే, ఎక్కడికి వెళ్ళినా గదిలో ఉన్నవాళ్ళందరినీ లెక్కపెడుతుంది, తనని తాను లెక్కపెట్టుకోదు. ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయింది, మైకుల ముందు మాట్లాడీ మాట్లాడీ గొంతు బొంగురుపోయింది, అయినా లోపల ఎక్కడో ఇంకా గోడ మీదే వేలాడుతోంది. ఆయనే ఇంకో సంగతి కూడా చెప్పాడు. చేరిన కొత్తలో ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర గొడవ రాయడానికి వెళ్ళి, చుట్టుముట్టిన గుంపుని చూసి బిక్కచచ్చి తిరిగొస్తే, కాఫీ తెప్పించి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు, భయమేస్తే ప్రశ్న అడుగమ్మా, జవాబు చెబుతున్నవాడికి ఇంకో పని చేతకాదు అని. పాపం ఆయన పోయే ముందు ఆసుపత్రిలో కూడా గోడకి అంటించిన కాగితంలో తప్పు చూపించాడట.

ఆయనతోనే గొడవ పడింది ఆఖరికి. ఒక రోజు సాయంత్రం ఆమె మార్చురీలో ఎవరో ఇల్లాలి శవాన్ని చూసి వచ్చి, భర్త కొట్టిన దెబ్బలకు మృతి అని రాసిచ్చింది. పొద్దున పేపర్లో, పెళ్ళి ప్రకటనల కిందుగా, బొటనవేలంత మేర వచ్చింది: కుటుంబ కలహాలతో గృహిణి మృతి. కేసు తేలకుండా మనం తేల్చకూడదమ్మా, రేపు నోటీసొస్తే ఎవరు సమాధానం చెబుతారు అన్నాడాయన, ఆయన భయం ఆయనది, తప్పు పట్టలేం. మధ్యాహ్నం ఆ గృహిణి తల్లి వచ్చింది ఆఫీసుకి, ఆ ముక్కని పేపర్లోంచి నీటుగా కత్తిరించుకుని, మడత పెట్టి, అరచేతిలో పెట్టుకుని వచ్చింది. ఏడవలేదు. కుర్చీ చివర కూర్చుని, కలహం అంటే ఇద్దరూ కొట్టుకోవడం కదమ్మా, మా పిల్ల ఎప్పుడు కొట్టింది అని అడిగింది. ఆ నెలలోనే ఆమె రాజీనామా ఇచ్చింది. అందరూ అడుగుతారు, ఇంత పోరాటంలోకి ఎలా వచ్చారు మేడం, ఏ పుస్తకం చదివి వచ్చారు అని. పుస్తకమూ లేదు, సిద్ధాంతమూ లేదు, ఒక తల్లి అడిగిన ప్రశ్న నుంచి పారిపోతూ పారిపోతూ ఇంత దూరం వచ్చింది.

ధైర్యమంటే మీదే మేడం అంటారు సభల్లో. వాళ్ళకేం తెలుసు. వేదికెక్కేముందు రెండుసార్లు బాత్రూముకి వెళ్తుందని తెలుసా, ఫోను మోగి అవతలివాడు మాట్లాడకుండా ఊపిరి మాత్రం వినిపించిన రోజుల్లో ఇంట్లో అన్ని గదుల్లోనూ లైట్లు వేసుకుని కూర్చుంటుందని తెలుసా. కిటికీ అద్దం మీద రాయి పడ్డ రోజు గాజు ముక్కలు ఊడ్చింది ఆయన, ఆమె మంచం కింద ఉంది, నిజంగానే మంచం కింద. ఆయన, అంటే ఆమె మొగుడు, కాలేజీలో లెక్కలు చెబుతాడు, నెమ్మదస్తుడు. సభలో పులి, బల్లిని చూస్తే పిల్లి అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఏడిపిస్తాడు. ఇవాళ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే మాత్రం వేళాకోళం ఆడలేదు, నేనూ రానా అన్నాడు. వద్దు, మీరు ఎరగనట్టు ఉండలేరు, పక్క సీట్లోవాళ్ళకి కూడా నన్ను మా ఆవిడ అని పరిచయం చేస్తారు అంది. ఉత్త పిరికిదాన్నండీ, మీతో తప్ప ఎవరితోనూ ఒప్పుకోనంతే అని అప్పుడే అనాల్సింది. ఇప్పుడనిపిస్తోంది.

సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర సగం బస్సు ఖాళీ అయింది. కళ్ళజోడు ఆవిడా దిగిపోయింది. ఆమె అద్దంలోకి చూసింది, గళ్ళ చొక్కా లేదు. దిగిపోయాడు, హమ్మయ్య, దిగిపోయాడు, అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా, పాపం ఎవరో కూలి చేసుకునేవాడు, అనవసరంగా ఎంత ఊహించుకుంది అని ఇంకా ఆ ఊపిరి పూర్తిగా వదలనే లేదు, వెనక సీటు కిర్రుమంది. చెమటా సిగరెట్టూ కలిసిన వాసన. సీటు కమ్మీ మీద, ఆమె భుజానికి జానెడు దూరంలో, ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది, వేళ్ళ మీద గ్రీజు మరకలున్నాయి. దిగలేదు, దగ్గరికొచ్చాడు. తల తిప్పకూడదు. నర్సు చెయ్యి అరచేతిలో బరువుగా తగిలింది. ముందు తలగుడ్డ కదలకుండా ఉంది, దాని పక్కన పిచ్చుక నెత్తి ఊగుతోంది, నిద్రొస్తున్నట్టుంది.

వెనకవాడు ఫోను ఎత్తాడు. గొంతు తగ్గించాడు గానీ ఎంత తగ్గిస్తే మాత్రం. "ఆఁ, బస్సులోనే ఉంది అన్నా. టీవీలో మాట్లాడేదే, నువ్వు పంపిన ఫోటోనే. లేదు, వాళ్ళు లేరు, ఒక్కతే ఉంది. ఎక్కడ దిగితే అక్కడ దిగుతా, వాళ్ళ దగ్గరికే పోతుంటుంది." ఆమెకి ముందు వినబడింది ఒక్కతే అన్న ఒక్క మాటే. ఒక్కతే. ఇంత భయంలోనూ ఒళ్ళంతా ఏదో తేలికయింది, పిచ్చిగా నవ్వు కూడా వచ్చింది, కనిపెట్టలేదు, కళ్ళెదురుగా ఉన్నవాళ్ళని కనిపెట్టలేదు, బస్సెక్కినప్పట్నుంచీ వాడు చూస్తున్నది తననే. వెనకనుంచి చూస్తే ఒక తలగుడ్డ, ఒక కుర్రాడి నెత్తి, అంతే కదా. ఆ తేలిక ఎంతోసేపు నిలవలేదు. ఆఖరి స్టాపులో బస్సంతా దిగాలి, దిగేటప్పుడు అందరి మొహాలూ తిరుగుతాయి. వీడు కింద నిలబడి ఆమెనీ, ఆమె చుట్టూ ఉన్నవాళ్ళనీ చూస్తాడు, తలగుడ్డ కింది మొహం చూస్తాడు, పసుపు గొడుగు చూస్తాడు. లాయరుకి ఒక ముక్క కొట్టి పంపుదామంటే ఫోను తెర వాడి కళ్ళకిందే ఉంటుంది. ఎటు తిప్పినా ఒకటే తేలుతోంది. తను ఈ బస్సులో ఉన్నంతసేపే వీడూ ఉంటాడు.

దిగిపోవాలి. ఆ మాట మనసులో అనుకోగానే కాళ్ళు, ఎవరివో కాళ్ళలాగా, మేం రాం అన్నాయి. ఎక్కడ దిగుతావే, ముందు వచ్చేది వంతెన స్టాపు, అక్కడ ఒక రేకుల షెడ్డు తప్ప మనిషుండడు, వాడూ నువ్వూ. కొంచెం ఆగు, ఎవరైనా పెద్ద ఊరొస్తే దిగు. పెద్ద ఊరేది, తర్వాతది ఆఖరి స్టాపే. ఎవరినైనా సాయం అడుగు. అడిగితే బస్సంతా గొడవవుతుంది, గొడవైతే అందరి తలలూ తిరుగుతాయి, ఆ అమ్మాయి తల కూడా తిరుగుతుంది. మా ఆవిడ పులి అని ఆయన అంటాడు, ఆ తల్లి కత్తిరించుకొచ్చిన కాగితం ముక్క, కామా గారి ఎర్ర పెన్ను, నేను, నేను, నేను అని కొట్టేసిన గీతలు. వంతెన కనబడింది. ఆపండి అంది. మాట వచ్చిందా? రాలేదు. మళ్ళీ అంది. ఈసారి గట్టిగానే వచ్చింది.

ముందు తలుపే దగ్గర. కానీ ముందు నుంచి దిగితే వాడు కూడా వాళ్ళ పక్క నుంచే వస్తాడు. ఆమె లేచి వెనక్కి తిరిగింది, వాడి మొహం మొదటిసారి ఎదురుగా కనబడింది, పెద్ద వయసేం లేదు, మీసం సరిగ్గా దువ్వుకున్నాడు. వాణ్ణి దాటుకునే వెనక తలుపుకి వెళ్ళాలి. అడుగేసింది. ముందు నుంచి కండక్టరు గొంతు, అదేంటి మేడం, ఆఖరి స్టాపుకి తీసుకుని ఇక్కడ దిగుతున్నారు అని. చుట్టాలున్నారు అంది. ఆ మనిషి అంతటితో ఊరుకున్నాడా, తల్లి భుజం మీంచి తల ఎత్తి చూస్తున్న పిల్లని చూసి మురిసిపోయి, ఏరా బాబూ, ఆవిడెవరో తెలుసా, టీవీ మేడం, దిగిపోతున్నారు, టాటా చెప్పు అన్నాడు. బస్సులో ఉన్న ప్రతి మొహమూ పిల్ల వైపు తిరిగింది. గళ్ళ చొక్కా కూడా తిరిగాడు. తలగుడ్డ మాత్రం తిరగలేదు, బిగుసుకుపోయింది. పిచ్చుక ఆమెని చూసింది. కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు గుర్తుపట్టడం ఆమెకి కనబడింది, దిగిపోతోందని అర్థం కావడం కనబడింది, కింది పెదవి ఒక్కసారి వణికింది. నవ్వకే, ఏడవకే, మా తల్లే.

"ఎవరో, నాకు తెలీదు," అంది పిచ్చుక. నవ్వలేదు. తల తిప్పుకుని తల్లి మెడ వంపులో మొహం పెట్టుకుంది. కండక్టరు, మొహమాటం వెధవకి అని నవ్వి విజిలేశాడు. ఆమె కమ్మీ పట్టుకుని మెట్లు దిగింది, కళ్ళకి మెట్లు సరిగ్గా కనబడలేదు. ఆరేళ్ళ పిల్ల ఆట నెగ్గింది, తనే నేర్పింది, నేర్పిన పాపానికి గుండెలో ఏదో పుటుక్కున తెగింది.

నేల మీద కాలు పెట్టి ఆగింది. దిగు నాయనా దిగు అనుకుంది, దిగకురా దేవుడా అనుకుంది, రెండూ ఒకే ఊపిరిలో. వెనక మెట్ల మీద బూట్ల చప్పుడు. దిగాడు. బస్సు గేరు మార్చి మెల్లగా వంతెన మీదికెక్కింది. రేకుల షెడ్డు, ఎండ, ఇద్దరు మనుషులు. వాడు ఆమె వైపు ఒక అడుగేసి, అలవాటు లేని పనికి దిగినవాడిలా ఒకసారి రోడ్డుకి అటూ ఇటూ చూశాడు, తర్వాత తలెత్తి వెళ్ళే బస్సు వైపు చూడబోయాడు. ఆమె గబుక్కున వాడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"మీదే ఊరు బాబూ?" అంది. "అమ్మా నాన్నా ఉన్నారా?"

వాడు తడబడ్డాడు. తిట్లు ఊహించాడో, కేకలు ఊహించాడో, ఇది మాత్రం ఊహించలేదు. ఉన్నారు అన్నాడు, అనేశాక ఎందుకు చెప్పానా అన్నట్టు చూశాడు. అమ్మేం చేస్తుంది అని అడిగింది. వంతెన మీద బస్సు అగ్గిపెట్టంత అయింది. అది కనబడకుండా పోయి, ఆఖరి స్టాపు చేరి, పసుపు గొడుగు ముడుచుకునేదాకా అడగాలి. ఆమె దగ్గర ఇంకా చాలా ప్రశ్నలున్నాయి.